ప్రెసిడెంటు సాబ్ ప్రముఖుడేనా?

ఎవరు ప్రముఖులో, ఎవరు కారో తేల్చడానికి నాకు నెలనెలా జీతం ఇచ్చేవారు. ఈ మాట చెబితే మా మనవరాలు పడీపడీ నవ్వుతుంది. నవ్వొచ్చే సంగతే. కానీ అరవైల నడుమ, నల్లగొండలో ఒక కిరాయి మేడ మీద కూర్చుని నేను చేసిన ఉద్యోగం అచ్చంగా అదే.

నల్లగొండ, పాలమూరు జిల్లాలకు కలిపి ఒక విజ్ఞాన సర్వస్వం తేవాలని కొందరు పెద్దలు పూనుకున్నారు. కోటలు, చెరువులు, పంటలు, జాతరలు, చేతిపనులు, మనుషులు, అన్నీ అకారాది క్రమంలో. నేను అందులో ఉపసంపాదకుణ్ణి. మాది పోచంపల్లి. ఇంట్లో మగ్గం పెట్టుకుని బి.ఏ. చదివి కాగితాల కొలువుకు పోయినందుకు మా నాయినకు నా మీద కినుక ఉండేది. "పొద్దంత కూసుంటే సాయంత్రానికి ఇంత బట్టన్న కనబడాలె. నీ పనిల ఏం కనబడతదిరా?" అనేవాడు.

మొదట్లో నాకు కోటలు ఇచ్చారు. కోటల గురించి రాయడమంత సుఖం లేదు. కోట వచ్చి మన బల్ల ముందు కూర్చోదు. నా గురించి రెండు పేజీలు రాయమనదు. ఎప్పుడైతే మనుషుల భాగం నా నెత్తిన పెట్టారో ఆనాటి నుంచి నా బతుకు బజారున పడింది. చనిపోయిన ప్రముఖులతో ఇబ్బంది లేదు, ఇబ్బందంతా వాళ్ళ కొడుకులతో. బతికున్న వాళ్ళయితే స్వయంగా వచ్చేవారు. ఫోటోలతో వచ్చేవారు. ఒకాయన శాలువా కప్పుకుని వచ్చి, ఆ శాలువా ఎవరు కప్పారో కూడా రాసుకోమన్నాడు.

మా ప్రధాన సంపాదకుడు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన నాకు ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. "ఆ మనిషి లేకుంటే ఈ జిల్లాలో ఏది ఉండేది కాదో అడుగు. జవాబు దొరికితే రాయి. దొరక్కపోతే నమస్కారం పెట్టి పంపించు. ఏదైనా సరే, ఇద్దరు చెప్పాలి. ఒక్క నోటి మాట మనకు పనికిరాదు." వినడానికి ఎంత తేలిక! ఆయన లోపలి గదిలో కూర్చునేవాడు. నమస్కారం పెట్టి పంపించాల్సింది నేను.

ఆయన గాక ఎంపిక సంఘంలో ఇంకో ఇద్దరుండేవారు. ఒకరు నల్లగొండ వకీలు. ఎవరు అడిగినా కాదనలేడు, ఎందుకంటే అడిగిన ప్రతివాడూ ఏదో ఒకనాడు ఆయనకు కేసు తెచ్చినవాడే. రెండో ఆయన పాలమూరు నుంచి బస్సులో వచ్చే చరిత్ర లెక్చరరు. దుమ్ము దులుపుకుంటూ మెట్లెక్కి, కూర్చోకముందే "నల్లగొండోళ్ళవి ఎన్ని పేజీలయినయి, మావి ఎన్నయినయి?" అని అడిగేవాడు. ఆయన దృష్టిలో కాకతీయుల తర్వాత ఈ నేల మీద ప్రముఖుడు పుట్టలేదు.

వీళ్ళ మధ్యకు వచ్చి పడ్డాడు ప్రెసిడెంటు సాబ్.

తిరుమలగిరి దిక్కు ఒక పల్లెటూరి రైతు ఆయన. ఒకసారి పంచాయతీ సమితికి అధ్యక్షుడిగా చేసి, మరుసటి ఎన్నికలో ఓడిపోయాడు. పదవి పోయినా జనం ఆ పిలుపు మానలేదు, ఆయన మాననివ్వలేదు. పొట్టి మనిషి. చలువ చేసిన ధోవతి, తెల్లటి టోపీ. వారంవారం బస్సెక్కి వచ్చి నా బల్లకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చునేవాడు.

"నా సంగతి ఏడిదాక వచ్చింది సారూ?"

"చూస్తున్నం ప్రెసిడెంటు సాబ్."

"సూడుండ్రి, సూడుండ్రి. నేనేం తొందర వెట్ట. ఈడనే కూసుంట."

నిజంగానే కూర్చునేవాడు. నేను అన్నం మూట విప్పేదాకా కూర్చునేవాడు. తినమంటే "నేను తినే వచ్చిన" అని, నేను తింటుంటే నా ముద్దల వంక చూస్తూ తన చరిత్ర చెప్పేవాడు. ఊరి బడిపంతులు చేత రాయించుకొచ్చిన వ్యాసం ఒకటి నా చేతిలో పెట్టాడు. అందులో ఆయన ఆజానుబాహువు. ప్రసంగిస్తే సింహగర్జన. ఎదురుగా చూస్తే నా మోచేతి దాకా వచ్చే మనిషి, గొంతు పీలగా ఉంటుంది. బడి తెచ్చాడు, బస్సు తెచ్చాడు, చెరువు తూము బాగు చేయించాడు అని మూడు ఘనకార్యాలు రాసి ఉన్నాయి.

ఆ మూడింటి వెంట నేను ఎంత తిరిగానో ఆ తూముకే తెలుసు. బడి ఆయన గెలవక ముందే మంజూరైంది, ఆయన చేసింది పునాదిరాయి వేయడం. "రాయి మీద పేరున్నోళ్ళంత కట్టినోళ్ళయితే మన మంత్రులంత తాపీమేస్త్రులే" అన్నాడు లెక్చరరు. బస్సు సంగతి తిరుమలగిరిలో కండక్టరును అడిగాను. "గా ఊరికి బస్సు ఎందుకు పడ్డదో నాకెరుక లేదు సారూ. ఎవ్వలు ఎక్కరు" అన్నాడు. తూము బాగుపడింది నిజమే, కానీ అది ఆయన ఓడిపోయిన తర్వాత. ఆ మాట మెత్తగా చెబితే, "పని ఎప్పుడు మొదలైందన్నది గాదు, ఆలోచన ఎవలిది అన్నది సూడాలె" అన్నాడు ప్రెసిడెంటు సాబ్.

సంఘం కూర్చున్నప్పుడల్లా ఈయన పేరు వచ్చేది. వకీలు "పాపం, ఒక్క పేజీ ఇయ్యరాదు?" అనేవాడు. లెక్చరరు "పాలమూరుల గూడ గిసుంటోళ్ళు మస్తు మందున్నరు, అందరిని తోలుకొస్త" అనేవాడు. హెడ్మాస్టరు నా వంక చూసి "ఈయన లేకుంటే ఏది ఉండేది కాదు?" అనేవాడు. నేను "ఇంకా విచారిస్తున్న సార్" అనేవాణ్ణి. వాయిదా. మళ్ళీ వారం ప్రెసిడెంటు సాబ్. మెట్ల మీద ఆయన కిర్రుచెప్పుల చప్పుడు వినబడితే నాకు తలనొప్పి వచ్చేది. ఒకసారి మేడ వెనక మెట్ల మీది నుంచి దిగిపోయాను కూడా. కింద ఆయనే ఎదురయ్యాడు. "మీరు దిగుతాంటే సూసి, ఈ దిక్కుకొచ్చిన" అన్నాడు.

ఇక తేల్చేద్దామని, తూము పని ఎప్పుడు జరిగిందో కచ్చితంగా కనుక్కోవడానికి ఆ సమితిలో పనిచేసి రిటైరైన బ్లాకు ఆఫీసరు ఇంటికి పోయాను. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి, నల్లగొండలోనే ఇల్లు కట్టుకున్న మనిషి. నేను చెప్పింది విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆయన చెప్పినవన్నీ వదిలెయ్యండి. ఆయన చెప్పనిది ఒకటుంది, చెప్పనా?"

సమితికి ఒక సర్కారు దవాఖాన మంజూరైందట. కాన్పుల గది, నర్సమ్మ, మందుల కొట్టు అన్నీ ఉన్న దవాఖాన. ప్రెసిడెంటు ఊరు కాబట్టి అది ఆయన ఊరికే రాశారు. జాగా కూడా చూశారు. ఊళ్ళో పండగ చేసుకున్నారు. ఒకరోజు ప్రెసిడెంటు సాబ్ ఒక్కడే ఈయన ఆఫీసుకు వచ్చి తలుపు దగ్గరగా వేశాడట.

"'మా ఊరికి వద్దు, వాగు అవతల రోడ్డు మీది ఊరికి రాయండి' అన్నాడండీ. అవతల తండాలు, గూడేలు చాలా ఉన్నాయి. వానాకాలం వాగొస్తే వాళ్ళెవ్వరూ ఈయన ఊరికి రాలేరు. రోడ్డు మీద పెడితే అందరికీ అందుతుంది, ఈ ఒక్క ఊరికే ఇబ్బంది. నేను నమ్మలేకపోయాను. నా సర్వీసులో, మా ఊరికి వద్దన్న నాయకుణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను."

"మరి ఊరోళ్ళు ఊరుకున్నరా?"

"అదే కదా! 'నా పేరు చెప్పకండి, ఆఫీసర్లే మార్చారని చెప్పండి' అన్నాడు. సరే అన్నాను. ఆ తర్వాత ఆ ఊళ్ళో నన్ను తిట్టనివాడు లేడు. బదిలీ అయ్యేదాకా ఆ ఊరి పొలిమేర తొక్కలేదు నేను."

నేను దాదాపు పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వచ్చాను. ఈయన లేకుంటే ఏది ఉండేది కాదు అన్న ప్రశ్నకు ఏడాది తర్వాత జవాబు దొరికింది. సంఘంలో చెబితే లెక్చరరు కూడా పేజీల లెక్క మరిచిపోయాడు. "గీ ముచ్చట ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలే ఆయన?" అన్నాడు వకీలు. "వినయం కావచ్చు" అన్నాడు హెడ్మాస్టరు. నాకు నవ్వాగలేదు. వినయమా! ఆజానుబాహువుకా! సరే, ఆయన నోటితో ఒక్క మాట అనిపించుకుని రమ్మన్నారు. అప్పటికి సాక్ష్యాలు రెండవుతాయి, పేజీ ఇవ్వొచ్చు.

సూర్యాపేటలో బస్సు మారి, తిరుమలగిరిలో దిగి, కండక్టరు చెప్పిన ఆ ఎవ్వరూ ఎక్కని బస్సు కోసం చూసి చూసి, చివరికి ఒక ఎడ్లబండి మీద ఆ ఊరు చేరాను. ఎండాకాలం. దారిలో వాగు దాటాం. చుక్క నీరు లేదు, ఇసుకలో బండి చక్రాలు దిగబడ్డాయి.

ప్రెసిడెంటు సాబ్ ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని జనుముతో తాడు పేనుతున్నాడు. "మా అన్న" అని చెప్పాడు ప్రెసిడెంటు సాబ్. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. పెద్దాయన నన్ను చూసి, "మా వానికోసం పట్నం సారొచ్చిండు. ఎండన వడి వచ్చిండు, మజ్జిగ తెమ్మనుండ్రి" అని లోపలికి కేకేశాడు. చెంబు చేతికి రాగానే నేను ఆగలేకపోయాను. ఎన్ని వారాల నస! ఇవాళ్టితో తెగిపోతుంది.

"ప్రెసిడెంటు సాబ్, మీ పేజీ ఖాయమైనట్టే. ఆ దవాఖాన సంగతి తెలిసింది. మీరే పోయి అడిగి..."

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. మజ్జిగ నా చొక్కా మీద ఒలికింది.

"సారూ, మా శేను సూడలె గద మీరు. రాండ్రి, రాండ్రి, సూపిస్త."

"మజ్జిగ..."

"వచ్చినంక తాగుదురు."

నన్ను దాదాపు ఈడ్చుకుపోయాడు. అరుగు మీది పెద్దాయన తల ఎత్తలేదు. తాడు పేనుతూనే ఉన్నాడు.

చేను దాటి పోయాం. ఆయన ఆగింది వాగు ఒడ్డున. టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఎవలు చెప్పిండ్రు మీకు?"

చెప్పాను.

"చెప్పనని మాటిచ్చిండు ఆయన" అని, ఇసుక వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత తనే మొదలుపెట్టాడు.

"దవాఖాన ఆడ పడ్డ మరుసటి వానకాలం, మా వదినకు నొప్పులొచ్చినయి సారూ. పొద్దుగాల బండి కట్టినం. ఈడికొచ్చేసరికి వాగు నిండుగ పోతాంది. ఎడ్లు దిగలె. అవుతలొడ్డు కనబడుతనే ఉన్నది. పొద్దుగూకే యాళ్ళకు నీళ్ళు తగ్గినయి. గప్పటికి ఆమె లేదు. పిల్ల గూడ లేదు."

ఒడ్డున ఒకచోటు వేలితో చూపించాడు.

"మా అన్న గిక్కడ్నే కూలబడి, దవాఖాన మార్చిన అఫ్సర్లను తిట్టిండు. మన్ను దీసి పోసిండు. ఆయన పక్కన నిలవడి నేను గూడ తిట్టిన."

చాలాసేపటికి నాకు జాలితో పాటు కోపం కూడా వచ్చింది. దాచడం ఎందుకు? ఇంత బరువు మోస్తున్న మనిషి వారంవారం వచ్చి నా ప్రాణాలు తోడింది దేనికి? అదే అడిగాను, కొంచెం గట్టిగానే.

"మరి ఆ పుస్తకంల పేరు కావాలని ఏడాది నుంచి నన్ను ఎందుకు సతాయిస్తున్నరు?"

"ఊళ్ళె నన్నేమంటరో తెల్సునా? చేతుల వడ్డ దవాఖాన నిలవెట్టుకోలేని సన్నాసి అంటరు. ఓట్లు గూడ గందుకే పడలె. బడి సంగతి, బస్సు సంగతి మీ పుస్తకంల పడితే జర మొఖం ఎత్తుకొని తిరుగుదామనుకున్న."

"బడి మీరు తెచ్చింది కాదు గదా ప్రెసిడెంటు సాబ్?"

"కాదు."

ఏడాదిలో మొదటిసారి ఒప్పుకున్నాడు.

"మీరు తేనిది రాయమంటున్నరు. తెచ్చింది రాయొద్దంటున్నరు. నేనేం చేయాలె?"

"పేరు కొట్టేయుండ్రి సారూ. మా అన్న సల్లగుండంగ ఆ ముచ్చట కాయితం ఎక్కొద్దు. నేనింక మీ దగ్గరికి రాను. మీకు గా ఫికర్ తీరుతది."

నిజంగానే మళ్ళీ రాలేదు. ఇన్నాళ్ళూ ఆయన రాకపోతే బాగుండునని కోరుకున్నవాణ్ణి. మెట్ల చప్పుడు లేని ఆ వారాలు నాకు ఏమంత సుఖంగా లేవు.

దవాఖాన మాట అప్పటికే వకీలు చెవిన పడింది, అది ఆ ఊరి దాకా పాకకపోతే అదృష్టమే. ఇదంతా కూడా సంఘం ముందు చెబితే ఆయన నోట్లో నువ్వు గింజ నానదు. సాయంత్రానికి కోర్టు ఆవరణంతా తెలిసిపోతుంది. అందుకని హెడ్మాస్టరుకు ఒక్కడికే, అందరూ పోయాక, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నిబంధనల మనిషి. నిజమని తేలింది రాయాల్సిందే అంటాడని, నేను వాదనకు సిద్ధపడే పోయాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఇద్దరు చెప్పాలన్నాం. చెప్పింది బ్లాకు ఆఫీసరు ఒక్కడు. రెండో సాక్ష్యం లేదు" అన్నాడు.

"వాగు ఒడ్డున ఆయనే చెప్పిండు గద సార్, నేను విన్న."

"నువ్వు విన్నావు. నువ్వు చెప్పింది నాకు వినబడలేదు. ఇంటికి పో, పొద్దుపోయింది."

ఆయన చెవులు ఎంత పదునో మా ఆఫీసులో అందరికీ తెలుసు. తర్వాతి సమావేశంలో "తగిన ఆధారాలు లేనందున చేర్చడం లేదు" అని ఒక్క వాక్యంతో ముగించాడు. వకీలు మూతి ముడుచుకున్నాడు. మొదటి నుంచీ వద్దన్న లెక్చరరు మాత్రం, సరిగ్గా ఆనాడే, "అట్లెట్ల? దవాఖాన సంగతి నిజమైతే రాయాల్సిందే, ఇది చరిత్ర" అని బల్ల గుద్దాడు. ఏడాది పాటు కాదన్నవాడు! నాకు నెత్తి బాదుకోవాలనిపించింది. చివరికి పాలమూరు వేరుశెనగ మీద ఇంకో పేజీ ఇస్తామంటే శాంతించాడు.

సంపుటం అచ్చయింది. బాగుందన్నవాళ్ళు కొందరు, తమ పేరు లేదని పోట్లాటకు వచ్చినవాళ్ళు ఎక్కువ మంది. ఆ గొడవల్లోనే ఒక మధ్యాహ్నం మెల్లగా మెట్లెక్కి ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన తువ్వాలు. అరుగు మీద తాడు పేనిన మనిషి, ప్రెసిడెంటు సాబ్ అన్న. ఆయనను కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

"పుస్తకం అచ్చయిందట గద. మా తమ్ముని పేరు పడ్డదా?"

"లేదు పెద్దయ్యా."

"ఎందుకు పడలె? ఏడాది పొడుగున తిరిగిండు మీ సుట్టు. ఉతికిన ధోతి కట్టుకొని వారంవారం పోయెటోడు. ఏం తక్కువ వానికి?"

"ఆధారాలు సరిపోలేదు పెద్దయ్యా. బడి సంగతి, బస్సు సంగతి..."

"అవన్ని ఎందుకు? దవాఖాన సంగతి రాయకపోయిండ్రా?"

తమ్ముడు దాచమన్న సంగతి అది.

"దవాఖాన అఫ్సర్లు మార్చిండ్రు గద" అన్నాను.

పెద్దాయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. చిన్నపిల్లవాడు అబద్ధమాడితే చూసినట్టు చూశాడు.

"దవాఖానకు పునాది తీసిననాడు ఆ ఊరి సర్పంచి నా రెండు చేతులు వట్టుకున్నడు సారూ. 'మీ తమ్ముని పున్నెం' అన్నడు. గప్పటిసంది నాకెరికే."

అంటే భార్య పోకముందే తెలుసు. వాగు ఒడ్డున కూలబడి అఫ్సర్లను తిట్టినప్పుడూ తెలుసు. పక్కన నిలబడి తమ్ముడు కూడా తిడుతున్నప్పుడూ తెలుసు.

"మరి ఆయనకెందుకు చెప్పలే పెద్దయ్యా?"

"ఏం చెప్పాలె? నాకు తెల్సునని తెలిస్తే వాడు ఆ ఇంట్ల ఉంటడా? ఊరిడిసి పోతడు. ఆమె ఎట్లాగు పాయె. వాణ్ణి గూడ పోగొట్టుకోవాల్నా? కోపం రాలేదనను. రెండు పంటకార్లు వాని మొఖం సూడ బుద్ధి గాలె. గాని ఆ దవాఖానల తండా ఆడోళ్ళు పిల్లలనెత్తుకొని బయిటికొస్తాంటే సూసిన. వాడు చేసింది తప్పని ఎట్లంటం?"

లేదని మేం తేల్చేసిన రెండో సాక్ష్యం నా ఎదుట కుర్చీలో కూర్చుని ఉంది. ఒక్క కప్పు కింద ఉంటూ, ఒక్క పొయ్యి మీద వండుకు తింటూ, ఈ ఇద్దరన్నదమ్ములు ఒక్కసారి నోరు విప్పి ఉంటే ఆ పేజీ పుస్తకంలో ఉండేది. నాకు ఎవరి మీద విసుక్కోవాలో తెలియలేదు. వాళ్ళ మీదా, నా మీదా, ఇద్దరు సాక్షులు కావాలన్న మా నియమం మీదా? అచ్చయిన పుస్తకాన్ని ఎవరూ విప్పి కుట్టలేరు.

"ఉంటే ఏడ ఉండేది వాని పేరు? జర సూపియ్యుండ్రి" అన్నాడు.

సంపుటం తెచ్చి ఆ పుట తీశాను. పైన ఒక పాత సంస్థానపు దొర వ్యాసం ముగిసింది. దాని కిందనే ఒక పండ్ల చెట్టు గురించి మొదలైంది. రెండింటి మధ్య వేలెడు ఖాళీ జాగా.

పెద్దాయనకు చదువు రాదు. వేలు తీసుకుపోయి ఆ ఖాళీ మీద పెట్టాడు.

"ఈడనా?"

"ఈడనే పెద్దయ్యా."

కాసేపు అలాగే వేలుంచి చూశాడు. తర్వాత లేచి తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు.

"సరే సారూ. నేను వచ్చిన ముచ్చట మాత్రం మా వానికి తెల్వనియ్యకుండ్రి" అని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు.